పద్దెనిమిదో నంబరు బస్సు



కడప ఎర్రముక్కపల్లెలో ఉన్న బ్రౌన్ గ్రంథాలయం మీలో చాలామంది చూసే ఉంటారు. నేను బడిపంతులుగా ఉన్నన్నాళ్లూ సాయంత్రం గంట కొట్టగానే సైకిలు ఆ పక్కకే తిప్పేవాణ్ణి. చదువుకోవడానికి కొంత, ఆ చెట్ల కింద కాసేపు కూర్చోవడానికి కొంత. ఒకప్పుడు ఆ నేల మీద చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర బంగళా ఉండేది. 15 ఎకరాల తోటతో సహా దాన్ని కొనుక్కొని, పండితులను పిలిపించి, తన జీతంలోంచి వాళ్లకు జీతాలిచ్చి, చెదలు తింటున్న తాటాకులకు మేలిప్రతులు రాయించినాడు ఆయన. ఆ బంగళా కూలిపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు కాళ్లకు బలపం కట్టుకొని తిరిగి, అడిగినవాళ్లనే మళ్లీ మళ్లీ అడిగి, ఆ చోటనే గ్రంథాలయం నిలబెట్టినారు.

బ్రౌన్ కడపలో ఏం చేసినాడో మాకు తెలుసు. పిల్లలకు పాఠంగా చెప్పినాం. అయితే ఇంత చేసిన మనిషి కడకు యాడ కన్ను మూసినాడు, యాడ మట్టిలో కలిసినాడు అనేది నన్ను వదలని ప్రశ్న. నా పాత డైరీ చివరి పేజీలో రెండు చిరునామాలు రాసి పెట్టుకున్నాను. ఒకటి, 22 కిల్డేర్ గార్డెన్స్, వెస్ట్‌బోర్న్ గ్రోవ్, లండన్. ఆయన 1884 డిసెంబరు 12న కన్ను మూసిన ఇల్లు. రెండోది, కెన్సల్ గ్రీన్ శ్మశానం. ఆ పేజీ పసుపు పచ్చగా అయిపోయింది కానీ, పోయే దారి మాత్రం రిటైరైన తరువాతి జూన్ నెల వరకు దొరకలేదు.

ఆ దారి నాకు చూపించినవాడు నా మిత్రుడు. మేమిద్దరం కర్నూలు ఉస్మానియా కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. వాడిది నంద్యాల పక్క పల్లె, కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ కింద సేద్యం చేసే ఇల్లు. నేను తెలుగు పంతులునైనాను. వాడు కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి లండన్ చేరినాడు. ముప్పై ఏళ్లకు పైగా అక్కడే డాక్టరు. పెద్దాసుపత్రి డాక్టరు కాదు, వీధి డాక్టరు. లేవలేని ముసలివాళ్ల ఇండ్లకు తనే పోయి చూసే డాక్టరు. ఊరు అట్లాంటివానికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని నాకు అక్కడున్న వారం రోజుల్లో అర్థమైంది. వానికి లండన్ అంటే రాజభవనమూ గడియార స్తంభమూ కాదు. ఏ మెట్లు నిటారుగా ఉంటాయి, ఏ ఇంటి నేలమాళిగలో చెమ్మ ఎక్కువ, ఏ వీధిలో ఒంటరి ముసలివాళ్లు ఎక్కువ, ఇదీ వాని లండన్.

విమానాశ్రయంలో నా మూట అందుకొని, ముందు ముక్కుకు ఆనించి వాసన చూసినాడు. "బుడ్డలు తెచ్చినావురా!" అన్నాడు. కర్నూలోళ్లకు అవి బుడ్డలు, మా కడపోళ్లకు చెనిక్కాయలు. కాలేజీలో ఈ మాట మీదే మేం నెలల తరబడి వాదులాడుకున్నాం. ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో రోగుల బాధలు విన్నవాని నోట్లో బుడ్డలు బుడ్డలుగానే ఉన్నందుకు నాకు కళ్లు చెమర్చినాయి. ఇంటికి పోయేసరికి వాళ్లావిడ సంగటి గెలికి, ఊరిబిండి నూరి పెట్టింది. ఆ తల్లి మాది మైదుకూరు పక్క అని తెలిసినప్పటి నుంచి నన్ను అన్నా అనే పిలుస్తుంది. "అన్నా, ముందు బువ్వ తిను, ఊరు యాడికీ పోదు" అనింది. రాత్రి తొమ్మిది దాటినా కిటికీలో వెలుతురు పోలేదు. జూన్‌లో ఆ ఊళ్లో పొద్దు కుంకేది తొమ్మిదింబావుకు పైన. మనకు చేలో నుంచి ఇంటికొచ్చి, తిని, నిద్రపోయే వేళ అక్కడ పిల్లకాయలు వీధిలో బంతాట ఆడుకుంటున్నారు.

మరుసటి రోజు పొద్దున నేను బూట్లు తొడుక్కొని సిద్ధంగా కూర్చుంటే వాడు అన్నాడు: "ఒరే, మొదటి రోజు భూమి కింద రైలు ఎక్కనీయను. ఒక బొక్కలో దూరి ఇంకో బొక్కలో తేలితే ఊరు ఎట్లా తెలుస్తాది? బస్సెక్కుదాం. మేడ మీద, ముందు సీట్లో." వాళ్ల ఇల్లుండే చోటు పేరు సడ్‌బరీ, ఊరికి వాయవ్య మూల. అక్కడి నుంచే బయలుదేరుతుంది పద్దెనిమిదో నంబరు బస్సు. చివరి స్టాపు యూస్టన్. మేడమెట్లు ఎక్కి, ముందు అద్దం దగ్గర కూర్చుంటే, పంట చేలో మంచె మీద కూర్చున్నట్టు ఉంది. కింద డ్రైవరు కనపడడు. చెట్ల కొమ్మలు వచ్చి అద్దానికి తగిలి రాసుకొని పోతాయి.

వాడు ఊరు చెప్పే పద్ధతి వేరు. "అదిగో వెంబ్లీ, ఆట మైదానం" అని ఒక్క మాటతో దాటేసినాడు. హార్లెస్డెన్ దగ్గరికి రాగానే మాత్రం ముందుకు వంగి కూర్చున్నాడు. "కరేబియన్ దీవుల నుంచి వచ్చినోళ్లు ఎక్కువ ఇక్కడ. యుద్ధం తరువాత ఈ దేశానికి పనివాళ్లు కావల్సొచ్చి పిలిపించినారు. ఈ బస్సులు నడిపింది వాళ్లు, ఊడ్చింది వాళ్లు, ఆసుపత్రుల్లో రోగులను ఎత్తి పడుకోబెట్టింది వాళ్లు. నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు ఇంగ్లీషు యాస నేర్పింది వాళ్లలో ఒక నర్సమ్మ. వాళ్లు లేకుంటే నేను ఆర్నెల్లలో నంద్యాలకు తిరిగొచ్చేసి ఉందును" అన్నాడు. కొత్త ఊళ్లో వానికీ ఒక చెయ్యి దొరికింది. ఆ నర్సమ్మ మాట చెప్పేటప్పుడు వాని గొంతు మారింది.

హార్లెస్డెన్ దాటినాక కుడి పక్కన ఒక గోడ మొదలైంది. పొడుగాటి గోడ. బస్సు పోతానే ఉంది, గోడ వస్తానే ఉంది. గోడ పైనుంచి చెట్ల నెత్తులు, మధ్య మధ్య రాతి శిలువలు, రెక్కలు విప్పిన దేవదూతల బొమ్మలు. మేడ మీద కూర్చున్నాం గనక కనపడినాయి. "ఇదేమిరా?" అన్నాను. "పాత శ్మశానంలే. ముప్పై ఏళ్లుగా ఈ గోడ పక్కన తిరుగుతాండా, లోపలికి ఎప్పుడూ పోలే" అన్నాడు. బస్సులో అమ్మాయి గొంతు ఒకటి రాబోయే స్టాపు పేరు చెప్పింది. కెన్సల్ గ్రీన్.

నేను లేచి నిలబడినాను. జేబులోంచి డైరీ తీసి చివరి పేజీ వాని ముందు పెట్టినాను. వాడు చదివి, గోడ వైపు చూసి, మళ్లీ డైరీ చూసి, "బ్రౌన్ ఇక్కడున్నాడా!" అన్నాడు. దిగుదాం అన్నాను. వాడు నా భుజం పట్టి కూర్చోబెట్టినాడు. "ఊరికి వచ్చిన మొదటి రోజు, మొదటి అడుగు శ్మశానంలోనా? ఇంట్లో తెలిస్తే మీ చెల్లెలు నన్ను గడప తొక్కనియ్యదు. రోజులున్నాయి. ముందు ఆయన తిరిగిన ఊరు చూడు, తరువాత ఆయన పడుకున్న చోటు చూద్దువు." నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. గోడ వెనక్కి పోయింది.

ఆ రోజు యూస్టన్‌లో దిగి, నడిచి, గోవర్ స్ట్రీట్‌లో యూనివర్సిటీ కాలేజీ ముందర నిలబడినాం. 1826లో పెట్టిన కాలేజీ. మతం ఏదని అడక్కుండా పిల్లలను చేర్చుకున్న మొదటి ఇంగ్లీషు కాలేజీ అది. ఎత్తు మెట్లు, లావు స్తంభాల వరుస, పైన గోపురం. ఉద్యోగం చాలించి 1855లో లండన్ తిరిగొచ్చిన బ్రౌన్‌ను 1865లో ఈ కాలేజీవాళ్లు తెలుగు ప్రొఫెసరుగా పెట్టుకున్నారు. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్లు పైబడినాయి. ఆ మెట్ల మీద ఒక పిల్ల కూర్చొని రొట్టె తింటూ పుస్తకం చదువుకుంటా ఉంది. ఆ స్తంభాల మధ్య 'అ ఆ ఇ ఈ' వినపడిన రోజులు ఉన్నాయి కదా అనుకుంటే నాకు వెన్ను జలదరించింది. నేను ముప్పై మూడేళ్లు నల్లబల్ల మీద రాసిన అక్షరాలే అవి.

తిరిగి నడిచేటప్పుడు నేను కింద చూస్తా నడిచినాను. కడపవాణ్ణి, నా కన్ను బండల మీదికి పోతుంది. మన ఇండ్లలో పరిచే నాపరాయి నలుపు, నీలం కలిసిన రంగు. తడిగుడ్డ పెడితే అద్దం మాదిరి నిగనిగలాడుతుంది. అక్కడ కాలిబాటల మీద లేత గోధుమ రంగు బండలు. వంగి చేత్తో తడిమితే ఇసుక రాలినట్టు గరుకు. "యార్క్‌షైర్ రాయిరా ఇది. వానలో జారకుండా పట్టుంటాది" అన్నాడు వాడు. ఏ ఊరైనా తన కాళ్ల కింద పరుచుకున్న రాయి చూస్తే దాని వాన ఎంతో, ఎండ ఎంతో తెలిసిపోతుంది. మన రాయి ఎండకు పుట్టింది, కాళ్లు చల్లబడాలని. వాళ్ల రాయి వానకు.

రెండో రోజు లండన్ టవర్‌లో కోహినూరును చూసినాం. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే వజ్రం. నిలబడి చూడ్డానికి లేదు. కాళ్ల కింద కదిలే పట్టా మనల్ని దానంతట అదే ముందుకు ఈడ్చుకొని పోతుంది. తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరికి చాపలు, మూటలు ఎత్తుకొని వచ్చి, పొద్దస్తమానం వజ్రాల కోసం నేల చూస్తా తిరిగే జనం గుర్తొచ్చినారు మా ఇద్దరికీ. ఆ చూపుకు ఈ చూపుకు పొంతన లేదు. తొందరగానే బయటికి వచ్చేసినాం.

అక్కడి నుంచి లెడెన్‌హాల్ స్ట్రీట్‌కు. ఈస్టిండియా కంపెనీ వాళ్ల ఇండియా హౌస్ ఉండిన చోటు అది. దత్తమండలాలు అని మనకు పేరు పెట్టి, శిస్తు లెక్కలు తెప్పించుకొని చూసుకున్న ఇల్లు అదే. ఇప్పుడు దాని గుర్తు కూడా లేదు. 1860ల మొదట్లోనే పడగొట్టినారు. ఆ చోట లాయిడ్స్ భవనం ఉంది, ఉక్కు గొట్టాలూ లిఫ్టులూ గోడ బయటికే పెట్టి కట్టిన వింత కట్టడం. చేతిలో కాఫీ గ్లాసులతో ఉద్యోగులు మా భుజాలకు తగులుతూ పరుగులు తీస్తున్నారు. నేను మాత్రం కదలలేకపోయినాను. 1834లో కొలువు పోగొట్టుకొని ఇంగ్లండ్ వచ్చిన బ్రౌన్, ఇండియా హౌస్ పుస్తకాల గదిలో ఎవరూ ముట్టని కట్టల్లో 2,106 దక్షిణాది గ్రంథాలు చూసినాడు. తెలుగు, తమిళం, కన్నడం. వాటిని పట్టుబట్టి మద్రాసుకు పంపించినాడు. ఇప్పుడు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో మన పరిశోధకులు విప్పి చదువుకునే ప్రతుల్లో అవి ఉన్నాయి. తన ఊళ్లో తనకే కొలువు లేని రోజుల్లో, ఇంకొకరి భాష పుస్తకాలను వాళ్ల ఊరికి పంపించాలని తిరిగిన మనిషిని ఏమనాలి?

"ఒరే, నువ్వు చెప్పు. నేను ఊరు చూపిస్తా, నువ్వు కథ చెప్పు" అన్నాడు నా మిత్రుడు. అప్పుడు ఆ రోడ్డు పక్కన రాతి గట్టు మీద కూర్చొని చెప్పినాను వానికి.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టినాడు. 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు మొదలుపెట్టినాడు. 1820లో, ఇరవై రెండేళ్లు నిండకముందే, కలెక్టరు కింద సహాయకుడుగా కడప వచ్చినాడు. అప్పుడు గవర్నరు థామస్ మన్రో. దత్తమండలాల తొలి కలెక్టరుగా మన ఊళ్లు గుర్రం మీద తిరిగినవాడు, 1827లో మన పత్తికొండలోనే కలరా తగిలి పోయినవాడు. జనం మాట రానివాడు జనం మీద అధికారం చేయకూడదని ఆయన పట్టుదల. కడప కచేరీలో కుర్చీలో కూర్చున్న ఆ కుర్రవాని చుట్టూ మన రైతుల మాటలు, మన గుమాస్తాల లెక్కలు, మన ఎండ. పుస్తకంలో నేర్చిన తెలుగు ఒక రకం, చెవిలో పడే తెలుగు ఇంకో రకం. 1821లోనే కడపలో ఉచితంగా చదువు చెప్పే బడులు పెట్టినాడు. రెండేళ్లకు మచిలీపట్నానికి బదిలీ. మళ్లీ 1826లో కడప. అప్పుడే ఎర్రముక్కపల్లె బంగళా. అయోధ్యాపురం కృష్ణారెడ్డి గారు ఆ పండితుల కార్ఖానాకు పెద్ద. జూలూరి అప్పయ్య గారు, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య గారు లాంటివాళ్లు పక్కనే. ఒక ప్రతిలో ఒక పాఠం, ఇంకో ప్రతిలో ఇంకో పాఠం. ఏది సరి అని వాళ్లు తేల్చాలి. అర్థం కాని చోట టీక రాయాలి. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయినాయి. 1840లో వ్యాకరణం. 1852లో నిఘంటువు.

నేనిక్కడ ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. బ్రౌన్ పేరు చెప్పినప్పుడు మనం ఆ పండితుల పేర్లు కూడా పలకాలి. కొత్త ఊరికి వచ్చిన పరదేశికి తెలుగు అనే ఊరును వీధి వీధీ తిప్పి చూపించినవాళ్లు వాళ్లు. ఇది ఈ సందు, ఇది మలుపు, ఇక్కడ మెట్లు నిటారు, జాగ్రత్త అని చెప్పినవాళ్లు. ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. లండన్‌లో నా మిత్రుని వెనక నాలుగు రోజులు నడిచినాక తోచింది. వాడు లేకుంటే నేను ఆ ఊళ్లో బొమ్మలు చూసి తిరిగొచ్చేవాణ్ణి.

మూడో రోజు వాన. ఇంట్లోనే గడిచింది. నిఘంటువు సంగతి మాట్లాడుతూ వాళ్లావిడ పొయ్యి దగ్గర నుంచే అడిగింది: "అన్నా, ఆ దొర మన పల్లె మాటలు కూడా రాసినాడా, పండితుల మాటలేనా?" వాడుక మాటకు పీట వేసిన నిఘంటువు తల్లీ అది అని చెప్పినాను. కావ్యంలోని మాట పక్కనే బజారు మాట ఉంటుంది. ఆమెకు అది ఎంత నచ్చిందో! తన నోట్లో ఉన్న మాటలు అన్నీ, ఆ దేశంలో పుట్టిన తన పిల్లలకు రాని మాటలు, వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మడవ, గెనెం, తూము, గాడిపాడు, ఒరుగులు, ఉట్టి. నేను డైరీలో రాసుకున్నాను.

నాలుగో రోజు పాడింగ్టన్‌లో దిగి, కిల్డేర్ గార్డెన్స్ వెతుక్కుంటూ పోయినాం. వెస్ట్‌బోర్న్ గ్రోవ్ అంగళ్ల వీధి. దాని నుంచి లోపలికి తిరిగితే, నాలుగడుగుల్లో సద్దు అణిగిపోతుంది. మధ్యలో ఇనుప కటకటాల వెనక చిన్న తోట, చుట్టూ తెల్లగా సున్నం పూసినట్టున్న మేడల వరుస. ప్రతి గుమ్మం ముందర మెట్లు, అటూ ఇటూ స్తంభాలు. 22 నంబరు ముందర నిలబడినాం. నాకు బంగళా, తోట, పంకా లాగే మనిషి, పండితుల గొంతులు అన్నీ మనసులో ఉన్నాయి గనక, ఈ వరుస ఇల్లు చిన్నదిగా కనిపించింది. నా మిత్రునికి చెప్పినాను. వాడు డాక్టరు కదా, వాని చూపు వేరు. "ఇట్లాంటి ఇండ్లలో నేను ఎన్నిసార్లు మెట్లెక్కినానో. ముసలివాళ్లు చలికాలంలో పైగదుల్లోకి పోవడం మానేసి, కింద ఒక్క గదిలో, నిప్పు దగ్గర కుర్చీ వేసుకొని ఉండిపోతారు. డిసెంబరులో పోయినాడన్నావు కదా. నాలుగు గంటలకే చీకటి పడుతుంది ఈడ" అన్నాడు.

ఎనభై ఆరేళ్లు. పెండ్లి లేదు, పిల్లలు లేరు. పండితుల జీతాలకూ అచ్చు ఖర్చులకూ అప్పులు చేసి, అవి తీర్చుకుంటూ బతికిన మనిషి. లండన్ వచ్చినాక కూడా ఆ ముప్పై ఏళ్లు తెలుగు కాగితాలు ముందర వేసుకొని, తన నిఘంటువునే మళ్లీ దిద్దుకుంటూ కూర్చున్నాడు. ఆ వీధిలో తెలుగు ముక్క వచ్చినవాడు ఇంకొకడు లేడు. నా మిత్రుడు ఆ మెట్ల ముందర గొడుగు మడిచి, ఏదో తలుచుకొని, "రాత్రిపూట తనతో తాను తెలుగులో మాట్లాడుకొని ఉంటాడు రా. నేనూ మాట్లాడుకుంటాను" అన్నాడు. ముప్పై ఏళ్లలో నాకు రాసిన ఏ జాబులోనూ వాడు ఆ మాట రాయలేదు.

అక్కడి నుంచి నడిచి, రైలు పట్టాల మీది వంతెన దాటి, హ్యారో రోడ్డు చేరి, మళ్లీ మన పద్దెనిమిదో నంబరు బస్సే ఎక్కినాం. ఈసారి గోడ ఎడమ పక్కన వచ్చింది. దిగినాం.

కెన్సల్ గ్రీన్ శ్మశానం 1833లో తెరిచినారు. 72 ఎకరాలు. పెద్ద రాతి తోరణం కింద నుంచి లోపలికి పోవాలి. ఇప్పుడే మేం దాటొచ్చిన పాడింగ్టన్ రైలు దారి కట్టిన బ్రునెల్ సమాధి ఇక్కడే. కంప్యూటరు ఆలోచనకు ఆదిపురుషుడని చెప్పే చార్లెస్ బాబేజ్ ఇక్కడే. నవలలు రాసిన థాకరే ఇక్కడే. ఇంకో సంగతి, రవీంద్రనాథ్ టాగోర్ తాతగారు ద్వారకానాథ్ టాగోర్ 1846లో లండన్‌లో చనిపోతే ఇక్కడే పూడ్చిపెట్టినారు. కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషువాడు, కలకత్తా నుంచి వచ్చిన బెంగాలీ, ఇద్దరికీ ఒకే మట్టి.

మేం దారి తప్పినాం. చేతిలో పటం ఉంది, అయినా ఆ దారులన్నీ ఒకే తీరు. మోకాలెత్తు గడ్డి, వంగిపోయిన శిలువలు, రాళ్లను చీల్చుకొని లేచిన చెట్లు. సన్నటి తుంపర. నా బూట్లలో నీళ్లు చేరినాయి. గంట దాటింది. ముప్పై ఏళ్లు ఊళ్లో దారి చూపినవాడు ఇక్కడ నా మాదిరే కొత్తవాడు. కొంతసేపు వాడు ముందు, కొంతసేపు నేను ముందు. చివరికి వాడే కేక వేసినాడు. ఇంగ్లీషులో కాదు. "ఈడున్నాడు రా, ఈడున్నాడు!"

ఇంగ్లండ్‌లో ఉండే మన తెలుగువాళ్లు ఇంతకుముందే వెతుక్కుంటూ వచ్చి, ఆ సమాధి బాగుచేయించి పోయినారు. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టినాను. రాతి మీద అక్షరాల సందుల్లో పచ్చటి నాచు. నా మిత్రుడు చొక్కా జేబులోంచి రుమాలు తీసి, రోగి నుదురు తుడిచినంత మెల్లగా, ఒక్కొక్క అక్షరమే తుడిచినాడు. నేను గట్టిగా, బడిలో హాజరు పలికినట్టు, పేర్లు చెప్పినాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వెలగపూడి కోదండరామ పంతులు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి. జూలూరి అప్పయ్య. వఠ్యం అద్వైతబ్రహ్మయ్య. ఆ గడ్డిలో ఆ పేర్లు వినపడాలని నాకు అనిపించింది. వాడు ఒక్కొక్క పేరు నా వెనకే పలికినాడు.

శ్మశానానికి దక్షిణంగా ఒక కాలువ ఉంది. గ్రాండ్ యూనియన్ కాలువ శాఖ, 1801 నుంచి పాడింగ్టన్ దాకా పడవలు నడిచిన కాలువ. బయటికి వచ్చి, ఆ కాలువ గట్టున నడుద్దాం అన్నాడు వాడు. గట్టు చూడగానే వానికి వాళ్ల నాయన గుర్తొచ్చినాడు. కె.సి. కాలువలో వంతు నీళ్లు రాత్రి పూట వస్తే, లాంతరు పట్టుకొని, పార భుజాన వేసుకొని పోయేవాడంట. మడవ తిప్పి, నీళ్లు చేలో పడే సద్దు వినేదాకా కూర్చొని, తెల్లారి బురద కాళ్లతో ఇంటికొచ్చేవాడంట.

అప్పుడు నేను వానికి తెలియని ముక్క ఒకటి చెప్పినాను. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట దగ్గర నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా, దగ్గర దగ్గర 190 మైళ్లు వచ్చే ఆ కాలువను తవ్వించింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆ కంపెనీ షేర్లు అమ్మింది ఈ లండన్‌లోనే. పది లక్షల పౌన్ల మీద నూటికి ఐదు వడ్డీ ఖాయమని సర్కారు హామీ ఇచ్చింది. 1863లో పని మొదలు. పడవలు కూడా నడుస్తాయని ఆశపడి, అందుకు తగినట్టే కట్టినారు. కంపెనీకి గిట్టుబాటు కాలేదు, 1882లో సర్కారే కొనేసింది. సరిగ్గా ఆ 1863లోనే ఈ పాడింగ్టన్ నుంచి ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ రైలు బయలుదేరింది. అప్పుడు బ్రౌన్ ఈ ఊళ్లోనే ఉన్నాడు.

వాడు గట్టు మీద గొంతుకూర్చొని నీళ్లలో చెయ్యి పెట్టినాడు. "ఇది ఎటు పారుతుందిరా?" అన్నాడు. డాక్టరు కాదు అడిగింది, నంద్యాల రైతు కొడుకు. ఎండుటాకు ఒకటి ఏరి నీళ్ల మీద వదిలినాను. కాలువ నీళ్లు ఎటు పోతాయో తెలుసుకోవడానికి మన పక్క పిల్లకాయలు చేసే పనే. ఆకు ఉన్న చోటనే ఉంది. మేం చూస్తానే ఉన్నాం. కాసేపటికి సన్నటి పొడుగాటి పడవ ఒకటి మెల్లగా వచ్చింది, మిద్దె మీద పూలకుండీలు, చుక్కాని పట్టుకున్న పెద్దాయన మాకు చెయ్యి ఊపినాడు. ఆ అలకు ఆకు లేచి, పడి, మా వైపే గట్టుకు వచ్చి ఆగింది.

ఇల్లు చేరేసరికి చెల్లెలు గడప బయటే నిలబడి ఉంది. చేతిలో నంద్యాల నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు. ఎక్కడికి పోయొచ్చినామో మేం చెప్పలేదు, మా బూట్ల గడ్డి చూసి తెలుసుకుంది. "అన్నా, లోపలికి రావద్దు, అక్కడే నిలబడండి. దొర కనిపించినాడా?" అని అడుగుతూ మా ఇద్దరి కాళ్ల మీద నీళ్లు పోసింది.